చెలమ మీది నేరేడు

ఇందులో ప్రతి మాటా నిజం. మా అక్కవాళ్ల చెలమ గట్టున ఉన్న నేరేడు చెట్టు మీద ఆనబెట్టి చెబుతున్నాను. నా మాట నమ్మనివాళ్లు మార్కాపురంలో చాలామంది ఉన్నారు కాబట్టి, ముందే ప్రమాణం చేయడం నాకు అలవాటు.

అక్కకు మనవరాలు పుట్టింది, పురిటి స్నానానికి రమ్మని కబురొచ్చింది. అక్కది గిద్దలూరు అవతల, నల్లమల కింది పల్లె. అక్కడ పసిబిడ్డకు ఆ స్నానం చెలమ నీళ్లతోనే చేయించాలి. చెలమంటే వాగు ఇసుకలో తవ్విన గుంట. మండు వేసవిలోనూ ఊరుతుంది. దాని గట్టున మా బావ తాత నాటిన నేరేడు చెట్టు.

పొద్దున ఏడింటి రైలెక్కాను. మూడో తరగతి, నిలబడటానికే చోటు. కంభం దాటాక అడవి చూద్దామని కిటికీ దగ్గరకు జరిగాను. గుండు కొట్టించుకున్న కొండలు కనబడ్డాయి. గిద్దలూరు స్టేషను బయట రెండు దోసెలు, చల్లారిన కాఫీ. ఈ దారిన వచ్చేవాళ్లు నీళ్లు అక్కడే నింపుకోండి.

పది గంటల బస్సు పదకొండున్నరకు కదిలింది. యుద్ధం వల్ల పెట్రోలు దొరక్క, బస్సు వెనక పీపా అంత పొయ్యి బిగించి, బొగ్గు గ్యాసుతో నడుపుతున్నారు. ఎత్తు వచ్చినప్పుడల్లా అందరం దిగి తోశాం. ఒక అవ్వ మాత్రం కదల్లేదు.

"టికెట్ తీసుకున్నది కూచునేదానికి, తోసేదానికి గాదు నాయనా."

బొగ్గు ఎక్కడిదని డ్రైవరును అడిగాను.

"ఆ కొండ చెట్లు కాల్చిందే అన్నా. బస్సు కొండకు పోతాది, కొండ బస్సులోకి వస్తాది."

"కొండ అయిపోయినాక యాడికి పోతాదంట?" అంది అవ్వ. డ్రైవరు హారను కొట్టాడు.

ఒంటిగంటకు పల్లె చేరాను. బావ వసారాలో గొడ్డలి నూరుతున్నాడు. నేరేడు చెట్టును బొగ్గు కాంట్రాక్టరుకు బేరం పెట్టాడట.

"తమ్ముడా, నువ్వన్నా చెప్పు," అంది అక్క, ఒళ్లో మనవరాలితో. "ఆ చెట్టు వేర్లలోనే గదా ఊట ఉండేది. రేపు ఈ పిల్లకు బిడ్డ పుడితే నీళ్లు యాడ తెస్తాం?"

"కొండంతా కొట్టినారు. నా ఒక్క చెట్టు ఆపితే ఏమొస్తాది?" అన్నాడు బావ.

"అందరూ ఇట్లనే అనుకొని కొట్టినారు బావా."

"నువ్వేమన్నా నడిచొచ్చినావా? ఆ బస్సులోనే గదా వచ్చింది."

జవాబు లేనప్పుడు నేను కథ అందుకుంటాను.

"కంభం దగ్గర ఒకాయన ఇట్లనే చెలమ మీది చెట్టు కొట్టి బొగ్గుకు అమ్మినాడు. ఆ బొగ్గేసిన బస్సు ఆయన ఇంటి ముందుకొచ్చి నిలిచిపోయింది. ఎద్దులు కట్టి లాగినా కదల్లేదు. పొయ్యి మూత తీస్తే లోపల నిప్పు లేదు, నిండా నీళ్లు. ఊరంతా కడవలతో ముంచుకున్నారు. ఆయన ముంచితే మాత్రం బూడిద వచ్చింది."

బావ చెయ్యి ఆగింది. గొడ్డలి తీసుకుపోయి గడ్డివాము వెనక దాచాడు. రెండోనాడు ఆ చెట్టు నీడలోనే బిడ్డకు స్నానం చేయించారు. రాలిన పండ్లు తగిలి పసిదాని పాదాలు ఊదారంగుకు తిరిగాయి.

అడవి జ్వరం పట్టుకుని నెల రోజులు అక్కడే పడి ఉన్నాను. లేచాక అదే బస్సులో గిద్దలూరు చేరి, సాయంత్రం రైలెక్కాను. కిటికీ పక్కన చోటు దొరికినా బయటికి చూడబుద్ధి కాలేదు.

ఇంతదూరం నాతో వచ్చారు కాబట్టి చెబుతాను. రైలు నిజం, బస్సు నిజం, అవ్వ నిజం. బావ గొడ్డలి దాచాడన్నదీ, ఆ చెట్టు నీడా, పండ్లూ మాత్రమే నా కల్పన. ఆయన కథంతా విని కడుపుబ్బ నవ్వాడు. "బాగుంది బామ్మర్దీ, ఇంకోటి చెప్పు" అని నన్ను వెంటబెట్టుకుని వాగుకు పోయాడు. నేను చెబుతూనే ఉన్నాను, ఆయన కొడుతూనే ఉన్నాడు. బిడ్డకు స్నానమైతే జరిగింది, ఎండలో. ఆ చెలమలో అదే ఆఖరి స్నానం. నేను జ్వరం నుంచి లేచేసరికి అందులో తడి ఇసుక కూడా లేదు.

తిరుగు ప్రయాణంలో బస్సుకు అక్కవాళ్ల పల్లెలోనే బొగ్గు అయిపోయింది. కాంట్రాక్టరు కాల్చిన నేరేడు బొగ్గు కుప్ప రోడ్డు పక్కనే ఉంది.

"అన్నా, ఆ తట్ట అందుకో," అన్నాడు డ్రైవరు. "లేకుంటే నీకు రైలు తప్పుతాది."

నేనే ఎత్తి పొయ్యిలో పోశాను. బస్సు ఎక్కడా ఆగలేదు. రైలు అందింది.

మొదట్లో నేను ఆనబెట్టిన చెట్టు అదే.