ఇద్దరుంటేనే పాడే రేడియో

మా బాన్సువాడలో బాలమల్లు తయారుచేసిన ఏ యంత్రమూ ఒక్క మనిషి మాట వినేది కాదు. దేనికైనా ఇద్దరు కావాల్సిందే. పాత మోటారు, సైకిలు డైనమో, ఏది దొరికినా ఏదో ఒకటి చేసి పారేసేవాడు. ఆయన ఫ్యానుకు ఒకరు తీగ నొక్కి పట్టుకుంటే రెండోవారికి గాలి వచ్చేది.

డెబ్బైఎనిమిదిలో మా ఇంటికి కాలింగు బెల్లు బిగించాడు. బయటి మనిషి మీట నొక్కినప్పుడే లోపలి మనిషి రెండు తీగలు కలపాలి. లోపలి మనిషి తలుపు దగ్గరే ఉంటే ఇక బెల్లెందుకని అడిగాను.

"బెల్లు మోగకుంటె తలుపెట్ల తీస్తవ్ హరనాథన్నా?" అన్నాడు. ఆ రోజు నుంచి తలుపు దగ్గరే కూర్చుని తీగలు కలిపాను.

ఆయన వీధిలోనే కనకవ్వ, అంజమ్మ అనే తోడికోడళ్ళు బీడీలు చుట్టేవారు. ఎవరి ఆకు ఎవరు తడిపారోగాని మాటలు మానేశారు. ఇంటి మధ్య గోడకు ఇటుకలు కూడా దిగాయి. అన్నీ పంచుకున్నాక రేడియో మిగిలింది. చెరోవైపు లాగితే దాని నోరు పడిపోయింది. బాలమల్లు బాగుచేసి ఇచ్చాడు. ఒకరు వెనక తీగ పట్టుకోవాలి, ఒకరు ముందు మర తిప్పాలి. ఊరంతా నవ్వింది. నేను కాస్త ఎక్కువే నవ్వాను.

మొదట్లో వాళ్ళు పిల్లి ద్వారా మాట్లాడుకున్నారు. తీగ వదిలిందని చెప్పవే అని అంజమ్మ పిల్లితో అంటే, మర ఎక్కువ తిప్పిందని చెప్పు అని కనకవ్వ పిల్లితోనే అనేది. పిల్లి విసిగి వెళ్ళిపోయింది. ఇక సూటిగా తిట్టుకోక తప్పలేదు. తిట్ల మధ్య పాటలు, పాటల మధ్య చాయ్. గోడ మాట ఎవరూ ఎత్తలేదు.

ఒకరోజు సెల్లులు మార్చమని కనకవ్వ రేడియో నాకిచ్చింది. మూత తీసి చూస్తే ఏరియల్ తీగ దానంతటదే తెగింది కాదు. ఎవరో నున్నగా కత్తిరించి, చివరకు శ్రద్ధగా టేపు చుట్టారు. అతికిస్తే నిమిషం పని. నేరుగా పోయి బాలమల్లును నిలదీశాను.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చెయ్యరాక కాదన్నా. గా తీగె అతికిస్తె వాళ్ళు మల్ల విడిపోతరు. ఇటుకలింక వాకిట్లనే ఉన్నయ్ గద."

ఆయన ఎంత ముద్దొచ్చాడో చెప్పలేను. సెల్లులు మార్చి, మూత బిగించి తీసుకుపోయి ఇచ్చాను. అంజమ్మ మర తిప్పింది. గరగర తప్ప ఏమీ రాలేదు. మూత బిగించేటప్పుడు నేనే ఏదైనా చెడగొట్టానేమో అనుకున్నాను.

"జర గట్టిగ పట్టక్కా" అంది అంజమ్మ.

"పట్టిన్నే. నువ్వే లారీ తోలినట్టు తిప్పుతున్నవ్, మెల్లగ" అంది కనకవ్వ.

పాట మొదలైంది. తీగ పట్టుకున్న కనకవ్వకు చేతులు ఖాళీ లేవు కదా, ఆమె చాటలోకి కూడా అంజమ్మే బీడీలు చుట్టి వేస్తోంది.