తెల్లబడిన మంచు

ఉద్యోగం కోసం వచ్చిన పరదేశంలో, చోవా చూ కాంగ్ అనే పేటలో మా ఫ్లాట్‌కు రెండు తలుపుల అవతల ఒక రష్యన్ చిత్రకారుడు కూతురి దగ్గర ఉండేవాడు. వేళ్ళు కొయ్యబారే చలిలో ఒడ్డున నిలబడి నలభై ఏళ్ళు తన ఊరి నదినే గీశాడట. ఇక్కడ ఫ్యాన్ కింద చెమట తుడుచుకుంటూ, ఆ నదినే గుర్తు తెచ్చుకుని గీసేవాడు. వచ్చి మూడేళ్ళయినా ఆయన బొమ్మ ఒక్కటీ ఏ ప్రదర్శనకూ ఎక్కలేదు.

చివరికి ఒక గ్యాలరీ వాళ్ళు బొమ్మల్ని సీడీలో పంపమన్నారు. కంప్యూటర్ ఉద్యోగమంటే అన్నీ వచ్చినట్టే లెక్క ఆ రోజుల్లో. ఆయన ఫొటోలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. స్కాన్ చేసి చూస్తే నది మీది మంచు అంతా ఊదాగా, అక్కడక్కడ పసుపుగా మురికిగా ఉంది. ఫొటో తీసినప్పటి ట్యూబ్‌లైటు చేసిన పని అనుకున్నాను. మంచు తెల్లగా ఉంటుందని కాకినాడలో పుట్టినవాడికి కూడా తెలుసు కదా! పన్నెండు బొమ్మల్లోనూ దాన్ని మల్లెపువ్వులా చేసి, ఆయనకు చూపించకుండానే సీడీ పంపేశాను.

నెల తిరక్కుండా ఆయన ఉత్తరం పట్టుకుని వచ్చాడు. బొమ్మలు ఎంపికయ్యాయి, అసలువి శుక్రవారం తెమ్మన్నారు. ముసలాయన మా సోఫాలో కూర్చుని చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"కరిగే మంచు తెల్లగా ఉండదు. ఆ ఊదా పట్టుకోవడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. ఇన్నాళ్ళకు దాన్ని చూసే కళ్ళు దొరికాయి," అన్నాడు ఇంగ్లీషులో.

ఆ ఊదాను తుడిచేసింది నేనేనని చెప్పకుండా ఆయన్ని తలుపు దాకా సాగనంపాను.

ఆ తర్వాత లిఫ్టులో ఆయన ఎదురవుతాడేమోనని మెట్లు దిగేవాణ్ణి. ఆఫీసులో ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాణ్ణి. గురువారం పొద్దున, ముందు రాత్రే నా నోట సంగతంతా విన్న మా ఆవిడ టిఫిన్ ప్లేటు విసురుగా పెట్టింది.

"ఏవండీ, రేపు ఆ అంకుల్ అందరి ముందూ తలొంచుకోవాలా? ఇప్పుడే వెళ్ళి చెప్పెయ్యండి. నాకు ముద్ద దిగట్లేదు."

వెళ్ళాను. నేను దిద్దిన బొమ్మల ప్రింట్లు ఆయన ముందు పరిచి, చేసింది చెప్పాను. ఆయన వాటిని చాలాసేపు చూశాడు. తిడితే బాగుండునని నిజంగా కోరుకున్నాను.

"ఎప్పుడైనా మంచు చూశావా?"

"లేదు, అంకుల్."

ఆయన లోపలికి వెళ్ళి ఆ ఉత్తరం తెచ్చి నా చేతికిచ్చాడు.

"ఇది నీదే. వాళ్ళకు నచ్చింది నీ మంచు," అన్నాడు.