నాచుకు పెట్టిన పస్తు

ఎలీసమ్మ గడప తొక్కి ఆకలితో తిరిగి వెళ్ళినవాళ్ళు లేరు. పక్కింటి మేక కూడా పొద్దున్నే వచ్చి ఆమె గుమ్మం ముందు హాజరు వేయించుకునేది. ముప్ఫై ఏళ్ళు మిరప చేలల్లో వంగి కాయలు కోసిన మనిషికి మోకాళ్ళు అరిగాయి గానీ ఆ జాలి మాత్రం అరగలేదు.

ఆ మోకాళ్ళ పుణ్యమా అని ఎలీసమ్మ వేటపాలెం దగ్గర అఖిల అనే అమ్మాయి తొట్ల మీద పనికి కుదిరింది. ఎమ్మెస్సీ చదివిన అఖిల, పంట పండని చవిటి నేలలో సిమెంటు తొట్లు కట్టించి ఉప్పునీటిలో నాచు పెంచుతోంది. కంటికి ఆననంత సన్నటి నాచు. నీళ్ళు పచ్చబడితే ఉన్నట్టు లెక్క. దాన్ని కాస్త కష్టపెడితే నారింజ రంగుకు తిరుగుతుంది. ఆ రంగునే మందుబిళ్ళల్లో వాడతారు.

"రేపట్నుంచి ఎరువు ఆపేద్దాం పిన్నీ. రోజూ కొంచెం ఉప్పు పెంచుదాం. పది రోజుల్లో రంగు తిరగాలి," అంది అఖిల.

ఎరువు ఆపడమంటే ఎలీసమ్మ లెక్కలో అన్నం ఆపడమే. నోరులేనిదాన్ని ఎండలో పెట్టి, ఉప్పు పోసి, పైగా పస్తా? మర్నాటి నుంచి అఖిల ఫోనులో పడ్డప్పుడల్లా కొంగు చాటు నుంచి గుప్పెడు యూరియా తొట్టిలోకి జారేది.

పదో రోజుకు తొట్టి నారింజ రంగుకు తిరగలేదు సరికదా, గోంగూర మడిలా పచ్చగా కళకళలాడుతోంది. అఖిల గట్టు మీద కూలబడింది.

"ముందువాటిలా ఇదీ పోతే నాన్న తొట్లు పూడ్చేస్తానన్నారు పిన్నీ."

తొట్లు పూడితే ఎలీసమ్మకు మళ్ళీ మిరప చేనే. ఈ మోకాళ్ళతో వంగడం ఆమె వల్ల కాదు. భయంతోపాటు సిగ్గూ ముంచుకొచ్చింది. కొంగు ముడి విప్పి యూరియా పలుకులు చూపించింది.

"పాపం, ఆకలిగా ఉంటదేమోనని..."

అఖిల ఆ పలుకులను చేతిలోకి తీసుకుని చూసింది. ఆ తర్వాత అడిగింది, "మిరప చేనుకు పూత ముందు నీళ్ళు ఆపరా?"

"ఆపకపోతే ఎట్టా? కాస్త బెట్ట పెట్టకపోతే చెట్టు కొవ్వెక్కి ఆకే వేసుద్ది, కాయ..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళు తను చూసిన పనే ఇది.

"ఇంకో పది రోజులు ఆగమని మీ నాన్నకు చెప్పమ్మా," అంది.

ఈసారి చేతులు కట్టుకుని కూర్చుంది. ఆరో రోజు మధ్యాహ్నం తొట్టి అడుగున చచ్చిన నాచు తెల్లగా పేరుకోవడం కనిపిస్తే తనే అడ్డుపడింది. "ఇయ్యాల ఉప్పొద్దు. బెట్ట ఎక్కువైతే చస్తది." తొమ్మిదో రోజుకు నీళ్ళు పండు నారింజలా తిరిగాయి. అఖిల నాన్న వచ్చి చూసి, పూడ్పించే మాట ఎత్తకుండానే వెళ్ళిపోయాడు.

అఖిల సంతోషం పట్టలేక ఎరువుల గది తాళంచెవి ఎలీసమ్మ చేతిలో పెట్టింది. ఎలీసమ్మ రేపు బెట్ట పెట్టాల్సిన పక్క తొట్టి వైపు ఒకసారి చూసింది. తాళంచెవి తిరిగి అఖిల చేతిలోనే పెట్టేసింది.

"నీ దగ్గరే ఉండనీ అమ్మా. దాని మొహం చూస్తే నా చెయ్యి ఊరుకోదు."