గోధుమ కోసే ఆడవాళ్ల పాట

ఈ రోజు వరసగా ఆరు మీటింగులు అయ్యాక, తొమ్మిదేళ్ల మా అమ్మాయి మేఘనను పియానో క్లాసుకు తీసుకెళ్లాను. ఇక్కడ అమెరికాలో, మా ఊరు అల్ఫారెట్టాలో ఆ క్లాసు చెప్పేది అనహిత్ అనే డెబ్బయ్యేళ్ల ఆర్మేనియా ఆవిడ. వెళ్తూనే వాళ్ల సోఫాలో కూలబడ్డాను.

మేఘన తన పాఠంలోని పాటను ఒక్క తప్పు కూడా లేకుండా గబగబా వాయించేసింది. ఆవిడ మెచ్చుకోలేదు. సోవియట్ రోజుల్లో ఆ పాటను పియానోకి మలిచిన సంగీతకర్త స్వయంగా వాయించిన పాత రికార్డింగు పెట్టారు. ఒకటే గరగర. అందులో ఆయన హుషారుగా మొదలుపెట్టి, సగానికి వచ్చేసరికి బాగా నెమ్మదించారు.

"మిస్, ఆయన స్లో అయిపోయారు. బుక్‌లో అలా లేదు కదా!" అంది మేఘన.

"అది గోధుమ కోసే ఆడవాళ్ల పాట. ఆయన పల్లెల్లో తిరిగి, విని రాసుకున్నాడు. పొద్దు వాలేసరికి వాళ్లకు అలుపు రాదా మరి?" అన్నారావిడ.

మేఘన నావైపు తిరిగింది. "అమ్మా, నువ్వు ఆఫీస్ అయ్యాక మాట్లాడతావు కదా, సేమ్ అలానే ఉంది."

మళ్లీ మొదలుపెట్టింది. సగానికి వచ్చాక నన్నే చూస్తూ, ఒక్కో మెట్టూ ఆగి ఆగి నొక్కింది. నాకు కళ్లు చెమర్చాయి. "ఆ, ఇప్పుడు వచ్చింది" అన్నారు అనహిత్ గారు.

నా అలసట ఇంట్లో ఎవరి కంటా పడదనుకునేదాన్ని. మీ అలసటను ఎవరు కనిపెట్టారో చెప్పండి. మా ఇంట్లో మాత్రం ఈ పూటకి పెరుగన్నమే.