క్యాష్ కాదు, కాచే

ఉప్పల్ నుంచి నాచారానికి షేర్ ఆటోలో, డ్రైవరు పక్కన సగం సీటు మీదా సగం గాలిలోనూ కూర్చుని ఉద్యోగానికి వెళ్లిన ఆ కాలంలో, ప్రోగ్రామింగ్ గురించి నాకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం. (తెలియనివి బోలెడు ఉన్నాయని ఇప్పుడు తెలుసు. నమ్మకం మాత్రం పూర్తిగా పోలేదు.) నా చదువంతా ఉప్పల్ లైబ్రరీలో సాగింది. అక్కడ కంప్యూటర్ పుస్తకాలను హోమియోపతికీ కుట్టుపనికీ మధ్య అరలో సర్దేవారు. ఇంట్లో కంప్యూటర్ లేదు కాబట్టి ప్రోగ్రాములు కాగితం మీద రాసుకుని, యంత్రం చేయాల్సిన పనీ నేనే బుర్రలో చేసి, జవాబు వచ్చేదాకా కుర్చీ వదిలేవాణ్ణి కాదు. "కోచింగ్ సర్టిఫికెట్ లేకుండా నీకు ఉద్యోగం ఎవరిస్తార్రా?" అనేవారు నాన్న. ఆయనకు జవాబుగా నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో, ఒక లేత్ వర్క్‌షాప్ పై అంతస్తులో ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాకో కుర్చీ దొరికింది. కింద లేత్ తిరిగితే పైన మా మానిటర్లు వణికేవి. మా బాసు వరంగల్ వైపు మనిషి. సర్టిఫికెట్ అడగలేదు గానీ, "మూడు నెలలు సూస్త. మంచిగ జేస్తే ఉంటవ్, లేకుంటే లైబ్రరీకే వాపస్" అని ముందే చెప్పేశాడు.

ఆఫీసులో నా పక్క సీటు సీనియర్‌ది. ఆయనకు నేను మనసులో పెట్టుకున్న పేరు చుక్క అన్న. ఆయన వాడే సాఫ్ట్‌వేర్‌లో ఒక పేరు కొట్టి చుక్క పెడితే చాలు, తర్వాత రాయదగ్గ మాటలన్నీ కిందికి జాబితాగా జారేవి. అన్న చుక్క పెట్టి, చేతులు కట్టుకుని, పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు ఎదురుచూసేవాడు. (ఇంకో రకం చుక్క అలవాటు ఆయనకు లేదు. ఆ మాట చెప్పకపోతే పాపం.) నేనేమో వట్టి నోట్‌ప్యాడ్‌లో రాసేవాణ్ణి. "గా నోట్‌ప్యాడ్ల ఏం రాస్తవ్ తమ్మీ, కిరాణా సామాన్లా?" అనేవాడు అన్న. "మాట అందించేవాడు పక్కనుంటే పద్యం ఎప్పటికీ నోటికి రాదన్నా" అనేవాణ్ణి నేను. ఇవాళ్టికీ నా అభిప్రాయం అదే. పనిముట్టు చెయ్యిని పొడుగు చెయ్యాలి గానీ, బుర్రను కురచ చెయ్యకూడదు.

నా చదువులో ఒక్కటే లోటు. అన్ని మాటలూ కంటితో నేర్చుకున్నవే, చెవితో విన్నది ఒక్కటీ లేదు. లైబ్రరీలో నిశ్శబ్దం పాటించాలి కదా! పెద్ద బీరువా మాటిమాటికీ తెరవకుండా, తరచూ కావలసిన సమాచారం నకలు ఒకటి చేతికందేచోట పెట్టుకునే ఏర్పాటుకు ఇంగ్లీషులో ఒక పేరుంది. అందరూ దాన్ని 'క్యాష్' అంటారని అప్పటికి నాకు తెలియదు. నేను అక్షరాలు కూడబలుక్కుని 'కాచే' అని చదువుకున్నాను. చదివి మురిసిపోయాను కూడా. సమాచారాన్ని కాపు కాచేది కాబట్టి కాచే! తెల్లవాడు మన క్రియాపదం ఎంత చక్కగా వాడుకున్నాడో అనుకున్నాను. ప్రోగ్రాముల్లో స్పెల్లింగ్ సరిగ్గానే రాసేవాణ్ణి కాబట్టి, నేను పైకి పలికే అవసరం గానీ, ఇంకొకరు పలగ్గా వినే సందర్భం గానీ రాక, నా గుట్టు బయటపడలేదు.

మూడో నెల చివర్లో మల్కాజిగిరి బకెట్ల ఫ్యాక్టరీ సేఠ్‌కు మేం చేసిన వెబ్‌సైట్ చూపించడానికి బాసూ చుక్క అన్నా వెళ్లారు. సేఠ్ ఒక సరుకు రేటు మారిస్తే డీలర్లందరికీ వెంటనే కొత్త రేటు కనపడాలి. అంతే పని. "డెమో పాసైతే నువ్వు పర్మనెంట్" అని బాసు మెట్లు దిగుతూ చెప్పాడు. సర్వర్ మా ఆఫీసు మూలన ఉంది కాబట్టి నన్ను దాని దగ్గర కాపలా ఉంచారు. కాసేపటికి ఫోను మోగింది. బాసు.

"ఏమయ్యా, సేఠ్ రేటు మార్చినా పాతదే సూపిస్తున్నది. జెల్ది క్యాష్ క్లియర్ జెయ్యి!"

"మొత్తం చేసెయ్యనా సార్?"

"మొత్తం! ఒక్కటి గూడ మిగలొద్దు!"

బకెట్ రేటుకూ గల్లాపెట్టెకూ సంబంధం ఏమిటని అనుమానం రాలేదా అంటే, వచ్చింది. కానీ నేను చదివింది కంప్యూటర్ పుస్తకాలు, వ్యాపారం పుస్తకాలు కావు. పరుగున మా ఆఫీసు గల్లా చూసుకునే అకౌంట్స్ అక్క దగ్గరికి వెళ్లాను. "అక్కా, సార్ క్యాష్ మొత్తం వెంటనే క్లియర్ చేసెయ్యమన్నారండి!"

అక్క ముఖం తెల్లబోయింది. "గిప్పుడా? ఏమైంది, టాక్సోళ్లు గిట్ల వస్తున్నరా?"

"తెలీదండి. ఒక్కటి కూడా మిగలకూడదన్నారు."

అక్క ఇంకో మాట అడగలేదు. గల్లాలో ఉన్నదంతా టిఫిన్ సంచిలో కుక్కి, పైన పప్పు గిన్నె పెట్టి, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే బ్యాంకుకు ఆటో ఎక్కింది.

మళ్లీ ఫోను. "చేసినవా?"

"అయిపోయింది సార్. అక్క బ్యాంకుకు బయల్దేరింది."

"బ్యాంకుకా? బ్యాంకుకెందుకయ్యా?"

"క్యాష్ కట్టడానికి సార్."

స్పీకర్‌లో పెట్టినట్టున్నారు, చుక్క అన్న దగ్గు వినిపించింది. బాసు గొంతు పెంచాడు. "గా క్యాష్ కాదు రా నాయనా! సి, ఏ, సి, హెచ్, ఇ!"

"ఓహ్, కాచేనా సార్! ఆ మాట ముందే చెప్పొచ్చు కదండీ!"

"కాచే ఏందయ్యా?"

లైబ్రరీలో ఇన్నాళ్లూ నోరు మూసుకున్నందుకు బదులు తీర్చుకున్నాను. "కాపు కాచేది సార్. రేట్ల నకలు ఒకటి దగ్గర పెట్టుకుని, బీరువా దాకా పోకుండా చూపిస్తుంది. సేఠ్ గారు బీరువాలో రేటు మార్చారు, పాత నకలు అలాగే ఉండిపోయింది. ఇదిగో, తీసేశాను. ఇప్పుడు చూడండి."

కొత్త రేటు వచ్చింది. అక్కడితో ఆగలేదు. రేటు మారిన వెంటనే నకలు దానంతట అదే పోయేలా నోట్‌ప్యాడ్‌లో నాలుగు వరుసలు కలిపి, "ఇంకోటి మార్చి చూడండి సార్" అన్నాను. అదీ మారింది. అప్పుడు కొత్త గొంతు ఒకటి వినపడింది. సేఠ్.

"గిప్పుడు సమజైంది సార్! మీరు ఇందాకటి సంది క్యాష్ క్లియర్, క్యాష్ క్లియర్ అంటుంటే, గీ కంప్యూటర్ నా గల్లా సాఫ్ జేస్తదేమో అని గుండె దడదడ కొట్టుకున్నది. కాచే అంటే ఫికర్ లేదు. ఇగ నుంచి గా కాచే పిలగాణ్ణే పంపుండ్రి."

నేను పర్మనెంట్ అయ్యాను. సర్టిఫికెట్ సంగతి నాన్న మళ్లీ ఎత్తలేదు. చుక్క అన్న వారం రోజులు నన్ను చూస్తే చాలు పప్పు గిన్నె జాగ్రత్త అన్నాడు. అక్క మాత్రం తీర్పు చెప్పేసింది: "ఇగ సూడు, నాది క్యాష్, మీది కాచే. కలిపిన్రంటే బాగుండదు." ఆ ఆఫీసు ఉన్నన్నాళ్లూ బాసుతో సహా అందరం అలాగే పలికాం.

ఇప్పుడు నేను పోచారం ఐటీ పార్కులో, అద్దాల గదిలో పనిచేస్తున్నాను. ఇక్కడ కింద లేత్ తిరగదు, మానిటర్లు వణకవు. నేనూ శుభ్రంగా 'క్యాష్' అనే అంటాను. మొన్న మీటింగులో మాటల వేడిలో "ముందు కాచే చూడండమ్మా" అనేశాను. కొత్తగా చేరిన అమ్మాయి శ్రద్ధగా నేను చెప్పిన మాటే కొట్టింది, చుక్క పెట్టింది, చేతులు కట్టుకుని ఎదురుచూసింది.

"సార్, చుక్క పెట్టినా ఏం రావట్లేదు."

"దాంట్లో రాదమ్మా," అన్నాను. "అది నాచారంలోనే దొరికేది."