భుజాల మీద కదిలిన ఇల్లు

అమెరికాలోని హెర్న్‌డన్‌లో మా టౌన్‌హౌస్‌ల వరుస చివరి ఇంట్లో ఒక మలయ్ ముసలమ్మ కూతురి దగ్గర ఉంటోంది. మూడేళ్ళ కిందట మెయిల్‌బాక్స్ దగ్గర ఆమె తన భాషలో ఏదో గొణుక్కుంటుంటే నేను అదే భాషలో జవాబు చెప్పాను. నేను పుట్టింది మలేషియాలోని పేరాక్‌లో, కొబ్బరి తోటలో పనికి వెళ్ళిన ఒక తెలుగు కుటుంబంలో. పదహారేళ్ళదాకా అక్కడే పెరిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నావు తమ్ముడూ?" అంది. మలయ్‌లో అక్కని కకాక్ అంటారు. నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను.

కొన్నాళ్ళకు కూతురు నన్ను పక్కకు పిలిచింది. "అంకుల్, మా ఊరు నేను చూడలేదు. నేను పుట్టేసరికే నదిలో కలిసిపోయింది. అమ్మ చెబితేనే ఏదైనా తెలిసేది. అమ్మకు మరపు మొదలైందని డాక్టర్ అన్నారు. మీరు రాసిపెడతారా?"

తగిన మనిషినే అడిగిందనుకున్నాను. నేను కాలేజీ రోజులనుంచీ డైరీ రాస్తున్నాను. ఉద్యోగం భూముల సర్వేలో చేశాను. ఏ హద్దునైనా రెండుసార్లు కొలిచి, రెండూ కలిస్తేనే కాగితం మీద పెట్టేవాణ్ణి.

ప్రతి మంగళవారం పది గంటలకు వెళ్ళేవాణ్ణి. కకాక్ చెప్పేది, నేను రాసుకునేవాణ్ణి. వాళ్ళ ఊరివాళ్ళు నది ఒడ్డున అడవి కొట్టి కాపురాలు పెట్టారు. ఇళ్ళన్నీ కొయ్య స్తంభాల మీద ఉండేవి. మెట్ల దగ్గర నీళ్ళ జాడీ, దాని మీద కొబ్బరి చిప్ప. కాళ్ళు కడుక్కోకుండా మెట్టెక్కితే అతిథికైనా చీవాట్లే. ఏటేటా నది ఒడ్డును కోసేది. నీళ్ళు దగ్గరపడిన ఇంటిని ఊరంతా కలిసి జరిపేవారు. ఇంటి అడుగున వెదుళ్ళు కట్టి, మగవాళ్ళంతా దూరి, పెద్దాయన ప్రార్థన ముగించి కేక వేయగానే ఇంటిని అలాగే భుజాలకెత్తుకునేవారు. ఆడవాళ్ళు ముందే వెళ్ళి కొత్త చోట పొయ్యి వెలిగించేవారు.

"మా ఇల్లు మోసినరోజు నేను లోపలే దాక్కున్నాను," అంది కకాక్. "ఏడేళ్ళుంటాయి. నా ఒళ్ళో బూడిదరంగు పిల్లి. కింద మామయ్యలు ఇల్లింత బరువేమిట్రా అని తిట్టుకుంటున్నారు. నేను నోరు మూసుకుని ఒకటే నవ్వు. పిల్లి నోరు కూడా మూశాను!"

ఆ నవ్వు గురించి కూడా రాసుకున్నాను.

మరుసటి ఏడు అదే కథ మళ్ళీ చెప్పింది. ఈసారి ఒళ్ళో కోడి ఉంది. నేను సంచిలోంచి పాత డైరీ తీసి, పేజీ చూపించి, "కకాక్, పోయిన మార్చిలో పిల్లి అన్నారు," అన్నాను.

ఆమె ఆ పేజీవైపు చాలాసేపు చూసింది. తెలుగు అక్షరాలు ఆమెకు రావు. "పిల్లా?" అంది. "మరి ఈ కోడి ఎవరిది?"

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను.

"ఏవండీ, ఆవిడేమైనా ఎగ్జామ్ రాస్తోందా, మీరు పేపర్ కరెక్ట్ చేయడానికి? పిల్లయితే ఏంటి, కోడయితే ఏంటి? పాపం, నెక్స్ట్ టైమ్ చెప్పాలంటే భయపడదూ?"

"రికార్డన్నాక ఒకటే ఉండాలి," అన్నాను.

ఆ తర్వాత కకాక్ ప్రతి మాటకీ ఆగేది. "నీ పుస్తకంలో ఏముందో చూసి చెప్పు తమ్ముడూ," అనేది. నేను చూసి చెప్పేవాణ్ణి. అలా చెప్పడం నావంతూ, తలూపడం ఆమెవంతూ అయిపోయింది. ఎండాకాలం వచ్చేసరికి తనంతట తాను ఏమీ చెప్పడం లేదు. మరపు వల్లనే అని కూతురు నాకు ధైర్యం చెప్పింది. కొంత మరపు వల్లే కావచ్చు. మిగతాది నా వల్ల.

పోయిన మంగళవారం ఆ కథ చదివి వినిపించాను. కావాలనే ఒక మాట మార్చాను. "ఇల్లు కదులుతుంటే మీ ఒళ్ళో కుక్కపిల్ల ఉంది."

వాళ్ళ ఊళ్ళో కుక్కను గడప తొక్కనివ్వరు. మెట్ల దగ్గర జాడీని ముట్టుకుందంటే దాన్ని మట్టితో తోమి ఏడుసార్లు కడగాల్సిందే. ఒకప్పుడైతే కకాక్ నన్ను ఇల్లు దాటేదాకా తిట్టేది. ఆ తిట్లకోసమే చదివాను. పెన్ను మూత కూడా తీసి పెట్టుకున్నాను.

ఆమె కిటికీలోంచి పార్కింగ్ వైపు చూస్తూ తలూపింది.

"నీ పుస్తకంలో ఉందిగా తమ్ముడూ. అయితే కుక్కపిల్లే."

కూతురి కోసం సాపు రాస్తున్న నోట్‌బుక్‌లో, పిల్లి అని రాసినచోట పక్కనే కోడి అని కూడా చేర్చాను. రెండింటిలో ఏదీ కొట్టెయ్యలేదు.