నిప్పుల మీద ఫోటోకు నిలబడ్డాడు

పాలిటెక్నిక్ అయ్యాక ఎమ్మిగనూరులో చిన్న ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో కెమెరా పట్టుకుని తిరిగేవాణ్ణి. మూడు నియమాలు పెట్టుకున్నాను. ఎవరినీ నిలబెట్టకూడదు, ఏ వస్తువునూ జరపకూడదు, నేనున్నట్టు ఎవరికీ తెలియకూడదు.

ఆ ఏడు పీర్ల పండగ చివరి రోజు తెల్లవారుతుండగా ఆదోని దగ్గరి ఒక పల్లెలో ఉన్నాను. పట్టుగుడ్డలు చుట్టిన పీరును మోసే ఆయన్ని ఊళ్లో అందరూ అన్న అనేవారు; ఆదోనిలో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఏటా నిప్పుల గుండాన్ని పరుగున దాటేస్తాడని విన్నాను. వెలుతురు చాలదు. అపర్చరు పూర్తిగా తెరిచాను. డప్పులు మోగగానే జనాన్ని ఒక ఫోటో తీసి, గుండానికి అవతల మోకాళ్ల మీద కూర్చున్నాను.

అన్న పీరుతో దిగాడు. రెండో అంగలో కెమెరాను చూసి ఆగిపోయాడు.

అక్కడివాళ్లకు ఫోటో అంటే స్టూడియోనే. "కదలొద్దు" అనగానే, టక్కుమనే దాకా ఊపిరి బిగబట్టాలి. అన్న అదే చేశాడు. నిప్పుల మీద నిటారుగా నిలబడి, రెప్ప వేయకుండా నా వైపు చూశాడు.

మీట నొక్కాను. దిగలేదు. ముందు ఫోటో తీశాక ఫిల్ము తిప్పలేదు. తిప్పబోతే చెమటకు వేలు జారింది.

"ఏమన్నా, నిలబడినావే! నడువు!" జనంలో ఎవరో అరిచారు.

"ఉండప్పా, ఫోటో పడనీ," అన్నాడు అన్న, పెదవులు కదలకుండా.

"పడింది! పడిందన్నా, రా!" అని అరిచాను. అప్పుడు కదిలాడు.

అరుగు మీద కూర్చోబెట్టి ఆయన భార్య పాదాల మీద నీళ్లు పోసింది. మడమ మీద బొబ్బ లేస్తోంది.

"ఇన్నేండ్లు ఏమీ కాలేదు. ఈ పొద్దు సినిమా హీరో అయినాడు!" అంది.

"కదిలితే మొగం చెదురుతాది గదా," అని ఆమెకు చెప్పి, అన్న నా వైపు తిరిగాడు. "బాగా వచ్చినానా?"

రెండోసారి అబద్ధం నోట రాలేదు. "మీట దిగలేదన్నా. ఫోటో పడలేదు."

ఆయన లేచి నిలబడ్డాడు. "ముందే సెప్పొద్దా! నిప్పులు ఆరలేదు. మళ్లా దిగుతా, సూసుకో."

చుట్టూ ఉన్నవాళ్లు ఈలలు వేశారు. ఆయన భార్య చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని గుండం వైపు నడిచాడు. నేను అడ్డం వెళ్లి, కెమెరా వెనక మూత తెరిచి, ఫిల్మునంతా వెలుతురులోకి లాగేశాను.

"ఇంక ఫోటో రాదన్నా. ఫిల్ము చెడిపోయింది."

చేతిలో వేలాడుతున్న ఫిల్మును చూసి, మెల్లగా అరుగు మీదికి పోయి కూర్చున్నాడు.

మరుసటేడు కెమెరా లేకుండా వెళ్లాను. దిగేముందు అన్న నా చేతుల వైపు చూశాడు. తరవాత పరుగెత్తాడు. ఎన్ని అంగలో లెక్కపెట్టేలోపే అవతల ఉన్నాడు.